అంటు కింది చిగురు

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో పదిహేడు పెరళ్లలో పుల్లటి మామిడి చెట్లు ఉన్నాయి. కొన్నింటిని కొట్టేశారని విన్నాను. మిగిలినవి ఇప్పటికీ కాస్తున్నాయి. ఆ ఇళ్లవాళ్లు వాటిని చూపించి, "మాలి మోసం చేసిండు, అంటు అని చెప్పి గింజ మొక్క ఇచ్చిండు" అంటారు. కొంచెం దయగలవాళ్లు "పాపం, ముసలోని చెయ్యి తప్పింది" అంటారు. మాలి మోసం చేయలేదు. అతని చెయ్యీ తప్పలేదు. ఆ మొక్కల్ని పాడుచేసింది నేను. ఆ సంగతి దాచిందీ నేనే. చెప్పవలసిన రోజున, వినవలసిన వాళ్లందరూ ఎదురుగా నిలబడి ఉండగా, నేను ఒక రేకు ముక్క మీద సంపెంగ పేరు రాస్తూ కూర్చున్నాను. తల ఎత్తలేదు.

ఇది పంతొమ్మిది వందల నలభైల నాటి మాట. ఇప్పుడు నాకు యాభై దగ్గరపడింది. అప్పటి సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. అందుకే రాసి పెడుతున్నాను.

మిరుదొడ్డి దారిలో కొంత దూరం పోయి, బండ్ల బాట పట్టుకుని లోపలికి నడిస్తే, అడవి మొదలయ్యే చోట ఆ తోట ఉండేది. జంగ్లాత్‌లో, అంటే అడవుల శాఖలో, కొలువు చేసి వజీఫా పింఛను మీద దిగిపోయిన ఒక పెద్దమనిషి దాన్ని పెట్టాడు. ఆయన్ని అందరం సాబ్ అనేవాళ్లం. ఎవరైనా అడవి కొట్టి తోట వేస్తారు. ఈయన అడవిని అట్లాగే ఉంచి దాని కింద తోట వేశాడు. టేకు, మద్ది, ఇప్ప, తునికి ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి నీడలో సంపెంగ, పొగడ, పారిజాతం, నాగమల్లి. ఇంకా లోపలికి పోతే ఎండ తగలని చోట క్రోటన్లు, తేమ రాళ్ల మీద పాకే ఆకు మొక్కలు. సుగంధిపాల తీగ తనంతట తానే పాకేది, దాన్ని పీకవద్దని సాబ్ హుకుం. ఎండపడే పడమటి అంచున మాత్రం ఒక బావి, బావి పక్కన ఒకే ఒక్క మామిడి చెట్టు. సాబ్ ఏ ఊరి నుంచో తెచ్చి నాటుకున్న చెట్టు అది. పండులో పీచు ఉండదు, తొక్క పలచన, నోట్లో పెట్టుకుంటే కండ చక్కెరలా కరిగేది. దాని పేరు సాబ్‌కే గుర్తు లేదు. బావికాడి చెట్టు అనే అనేవాళ్లం.

ఆ రోజుల్లో సెలవు శుక్రవారం. ఆ రోజు తోట గేటు తెరిచి ఉండేది. సిద్దిపేట నుంచి, ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని, సద్ది మూటలతో వచ్చేవాళ్లు. పిల్లలు టేకాకులు నలిపి చేతులు ఎర్రగా చేసుకునేవాళ్లు. ఆడవాళ్లు సంపెంగ కింద నిలబడి పైకి చూసేవాళ్లు. పోయేటప్పుడు ఒకటో రెండో మొక్కలు కొనుక్కుపోయేవాళ్లు. పొద్దు వాలేసరికి అందరూ వెళ్లిపోయేవాళ్లు. తరువాత ఆరు రోజులు ఆకు రాలిన చప్పుడు కూడా వినపడేది.

నేను అక్కడ మున్షీని. ఏ మొక్క ఏదో రేకు ముక్కల మీద ఉర్దూలో, తెలుగులో రంగుతో రాసి కట్టడం, విత్తనాలు ఎండబెట్టి పొట్లాలు కట్టడం, కుండీల మొక్కలు చూసుకోవడం నా పని. అంతకు ముందు ఏడాదే నా భార్య జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మనుషులు తక్కువగా ఉండే చోటు కదా అని ఆ పనిలో చేరాను. మనుషులు తక్కువగా ఉండటమంటే ఏమిటో చేరాక తెలిసింది. నా గది తోట చివర ఉండేది. కొన్నాళ్లు నాతో నేనే పైకి మాట్లాడుకోవడం, ఆ గొంతు విని ఉలిక్కిపడటం కూడా జరిగింది.

నాకు తోడు అంటే మాలి ఒక్కడే. మిరుదొడ్డి దగ్గర ఊరివాడు. అప్పటికే యాభై అయిదు దాటినవాడు. అక్షరం రాదు. నేను రాసిన రేకులు చూసి నవ్వేవాడు.

"ఏంది పంతులూ, చెట్టు మెడల బిళ్ల కడితివి? తప్పిపోతదా ఏంది?"

అతనికి రేకుల అవసరం లేదు. చీకట్లోనైనా కాండాన్ని బొటనవేలితో రాసి అది ఏదో చెప్పేవాడు. అంటు కట్టడంలో అతనికి సాటి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. వానాకాలంలో బావికాడి చెట్టుకు చుట్టూ మంచె కట్టి, దాని మీద నాటు టెంకలతో మొలిపించిన కుండీలు పెట్టేవాడు. కుండీలోని మొక్కను ఒక పక్క చెక్కి, చెట్టు కొమ్మను ఒక పక్క చెక్కి, రెండు గాయాలనూ కలిపి అరటి నారతో చుట్టేవాడు. రెండు మూడు నెలలకు అవి ఒకటై బుడిపె కట్టేవి. అప్పుడు కొమ్మను చెట్టు నుంచి కోసేవాడు. మొక్క తలను కోసేవాడు. కింద నాటు వేరు, పైన బావికాడి చెట్టు. ఆ కుండీలు చలికాలం, ఎండాకాలం నీడన పెరిగి, మృగశిర వానలకు జనం చేతికి వెళ్లేవి.

మా దిక్కున ఒక పద్ధతి ఉంది. అంటు మామిడి మొదటి కాపుకొస్తే, ఆ మొదటి కాయను పండబెట్టి, కట్టిన చేతికి తెచ్చివ్వాలి. ఇంట్లో ఎవరూ ముందుగా తినరు. శుక్రవారాల్లో ఎవరో ఒకరు కండువాలో పండు కట్టుకుని వచ్చి మాలి ముందు పెట్టేవాళ్లు. అతను అక్కడే వాళ్ల ముందే మోచేతి దాకా రసం కార్చుకుంటూ తినేవాడు. "మంచిగున్నదా తాతా?" అని వాళ్లు అడగాలి, "నా తల్లి, తేనె" అని అతను అనాలి. తరువాత ఆ టెంకను కడిగి, కండువా కొంగున ముడివేసుకుని, కంచె వెంట ఎక్కడో పాతేవాడు. చేతి గుణం మంచిదని అతని ఊళ్లో ఏటా విత్తనాలు మొదలుపెట్టే రోజు మొదటి పిడికెడు అతని చేతనే వేయించేవాళ్లు. ఆ ఒక్కరోజు సెలవు పెట్టి తలంటు పోసుకుని పోయేవాడు.

నేను చేరిన రెండో ఎండాకాలం, హోళీ దాటాక, మిరుదొడ్డి నుంచి కబురొచ్చింది. అతని బిడ్డ కానుపైంది, మంచం పట్టింది. సాబ్ పట్నంలో ఉన్నాడు. మాలి వెళ్లే ముందు నన్ను కుండీల దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు.

"పొద్దుమాపు నీళ్లు పొయ్యాలె పంతులూ. ఒక్క పూట తప్పినా పైది వాడుతది. ఇగో గీ బుడిపె కిందికెల్లి చిగురు పుడ్తది. పుట్టంగనే గిల్లెయ్యి."

"గిల్లకపోతే?"

"కింది దానికి బలమెక్కువ, సిగ్గు తక్కువ. పైదాని తిండంత అదే తింటది. చూస్తందుకు మస్తుగ ఉంటది, నమ్మకు. అది ఉత్త నాటు టెంక."

"సరే మాలీ" అన్నాను.

అతను వెళ్లిపోయాక తోటలో నేనొక్కణ్ణే. మోట కొట్టే మనిషి వారానికి రెండుసార్లు వచ్చి పెద్ద చెట్లకు నీళ్లు పారించి పోయేవాడు. నాతో మాట్లాడేంత తీరిక అతనికి ఉండేది కాదు. టేకాకులన్నీ రాలిపోయాయి. అడవి మొత్తం ఎముకల్లా నిలబడి ఉంది. శుక్రవారాలు కూడా ఎండకు ఎవరూ రావడం మానేశారు. ఒకరోజు పొద్దున్నే నేను అన్నం వండుకుని, రెండు విస్తళ్లు వేసి, రెండిట్లోనూ వడ్డించాను. ఎందుకు వేశానో తెలియదు. రెండో విస్తరి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తరువాత లేచి, కుండీలకు కాస్త ఎక్కువే నీళ్లు పోసి, గది తాళం వేసి, మర్కూక్‌లో మా అక్క ఇంటికి బయలుదేరాను. ఒక్క రోజు ఉండి వద్దామనే.

ఆరు రోజులు ఉన్నాను. అక్క పిల్లలు నా మీద ఎక్కి ఆడారు. బావ నన్ను "అడివి మనిషి వచ్చిండు" అని ఎగతాళి చేశాడు. చుట్టూ గొంతులు వినిపిస్తుంటే పడుకున్నచోటు నుంచి లేవబుద్ధి కాలేదు. కుండీలు గుర్తుకు రాలేదని చెప్పను. ప్రతి పొద్దునా గుర్తుకొచ్చాయి. రేపు పోదాం అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పద్దెనిమిది అంట్ల తలలు ఎండిపోయాయి. ఆకులు పట్టుకుంటే పొడి అయ్యాయి. నేను పిచ్చివాడిలా వారం రోజులు నీళ్లు పోశాను. వారం తరువాత చిగుళ్లు వచ్చాయి. రాగిరంగులో, మెరుస్తూ, బలంగా. అన్నీ బుడిపె కింది నుంచే.

గిల్లితే కుండీలో పుల్ల మిగులుతుంది. గిల్లకపోతే మొక్క మిగులుతుంది. ఒకే వేరు కదా, ఒకే కుండీ కదా, ఏదో ఒకటి బతకనీ అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని అప్పుడే తెలుసు. ఎండిన తలలను బుడిపెతో సహా ఏటవాలుగా కోసేశాను. కోసిన చోట మట్టి, పేడ మెత్తి, మాలి కట్టినట్టే అరటి నారతో చుట్టాను. అతని ముడి ఎట్లా ఉండేదో చూసి చూసి నేర్చుకున్నాను. ఆ ముడి వేయడానికి నేను పెట్టిన శ్రద్ధ నీళ్లు పోయడంలో పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మృగశిర మొదటి శుక్రవారం నాటికి మొక్కలు మోకాలి ఎత్తు పెరిగాయి. సాబ్ పట్నం నుంచి వచ్చి చూసి మురిసిపోయాడు. ఒకదాన్ని గేటు పక్కన తన చేత్తో నాటుకున్నాడు. మిగతా పదిహేడూ ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయాయి. మాలి ఇంకో నాలుగు రోజులకు వచ్చాడు. బిడ్డ కోలుకుంది. అతని ముఖం వెలుగుతోంది.

"అంట్లు ఎట్లున్నయి పంతులూ?"

"బాగున్నయి. గేటుకాడిది తప్ప అన్నీ పోయినయి."

"ఒక్కటి గూడ ఎండలేదా? నా కన్న నువ్వే నయం!"

గేటు పక్క మొక్క దగ్గర వంగి, అలవాటు ప్రకారం నార కట్టు మీదుగా బొటనవేలితో కాండం రాశాడు. పైకీ కిందికీ రెండుసార్లు రాశాడు. "బుడిపె దొర్కుతలేదేంది?" అన్నాడు. తన వేలిని తానే చూసుకుని నవ్వాడు. "బిడ్డ ఇంట్ల రెండు నెలలు గిన్నెలు తోమితే నా ఏలు మొద్దుబారింది గదా."

చెప్పడానికి అదే మంచి అదును. పక్కన ఎవరూ లేరు. చెబితే తిట్టేవాడు, రెండు రోజులు మాట్లాడేవాడు కాదు, ఆ తరువాత ఇద్దరం కలిసి ఊరూరా తిరిగి ఆ మొక్కలు వెనక్కి తెచ్చేవాళ్లం. నేను నవ్వుతున్నట్టు ముఖం పెట్టాను. ఆ తోటలో ఉన్న ఒక్క మనిషి నాతో మాట్లాడకపోతే ఎట్లా అన్నదే నా భయం. ఆ భయం నిజమైందే. అయినా అది చెప్పుకోదగ్గ కారణం కాదు.

నాలుగో ఏట ఆ చెట్లు పూయలేదు. ఐదో ఏట కాశాయి.

రోహిణి ఎండల్లో ఒక శుక్రవారం ముగ్గురు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. పద్ధతి ప్రకారం కండువాల్లో మొదటి పండు కట్టుకుని వచ్చారు. అయితే ముఖాలు వేరుగా ఉన్నాయి. ముందుగా ఇబ్రహీంపూర్ రైతు ముడి విప్పాడు. నిమ్మకాయ కన్నా కొంచెం పెద్ద పండు.

"తాతా, మేం రుచి చూడలే. కోతులు కొరికి పారేసినయి. కోతులు గూడ తింటలెవ్వు. నువ్వు తిను."

మాలి కొరికాడు. అతని దవడ ఆగింది. పీచు పళ్లలో ఇరుక్కుంది. అయినా నమిలాడు. రెండో మనిషి తన పండు పెట్టాడు. దాన్నీ కొరికాడు. మూడోది ఒక ముసలావిడ తెచ్చింది.

"ఊరేసే తొక్కుకు పనికొస్తది కొడుకా" అంది ఆమె. "ఐదేండ్లు బిందెలు మోసి పోసిన. తొక్కు చెట్టుకు అంత మొయ్యాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సాబ్ కుర్చీలో నుంచి లేచి వచ్చి, "ఏం మాలీ, ఏమైంది? చెయ్యి తప్పిందా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

మాలి తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "తప్పినట్టే ఉంది సాబ్" అన్నాడు. "ఆ యాడాది బుడిపె చేతికి దొరుకలే. నేనే సమజ్ చేసుకోలే."

నేను పది అడుగుల దూరంలో బల్ల దగ్గర ఉన్నాను. సంపెంగకు రేకు రాస్తున్నాను. సున్నా పూర్తిచేశాను. కుంచె మళ్లీ రంగులో ముంచాను. ఆ రేకు చాలా రోజులు ఆ చెట్టుకు వేలాడింది. అక్షరాలు ఏమీ వంకర పోలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడే నాకు ఎక్కువ సిగ్గు వేస్తుంది.

అతను ఆ మూడు టెంకల్ని కొంగున ముడివేసుకోలేదు. అక్కడే మట్టిలో వదిలేశాడు. నాలుగు రోజులకు అంటు కత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సాబ్ ఉండమన్నాడు, బతిమాలాడు. "చెయ్యి పోయినంక మాలి ఎందుకు సాబ్?" అని మాత్రం అన్నాడు. నాతో, "సంపెంగకు నీళ్లు ఎక్కువ పొయ్యకు పంతులూ" అని చెప్పి గేటు దాటాడు.

తరువాత తోట ఎక్కువ కాలం నిలవలేదు. గొడవలతో దారిన పోవడమే భయమైన రోజులు వచ్చాయి. బండ్లు రావడం తగ్గిపోయింది. సాబ్ పట్నం వెళ్లి అక్కడే ఉండిపోయాడు. బావికాడి చెట్టు కాసి, రాలి, పండ్లు చీమలు పట్టి పోయేవి. మంచె కట్టేవాళ్లు లేరు. నేను గేటు మూసి ఉంచేవాణ్ణి. ఎవరూ రాని గేటుకు గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసేవాణ్ణి. మాట్లాడే మనిషి పోతాడని భయపడి నోరు మూసుకున్నాను. చివరికి అదే జరిగింది.

మూడేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం మిరుదొడ్డి దిక్కు నుంచి కట్టెలకు వచ్చిన మనిషిని మాలి గురించి అడిగాను.

"ఉన్నడు. నులక పేనుకుంట కూసుంటడు. ఎవ్వలు పిలిచినా విత్తనం ముట్టడు. నా చేతిల నాశనముంది, మీ చేను పాడైతది అంటడు. మనుమరాలు సొరపాదు పెడ్తందుకు గింజ ఇస్తే గూడ ఎనకకిచ్చిండు."

ఆ మాట విన్నాక మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు అంటు కత్తిని గుడ్డలో చుట్టుకుని బయలుదేరాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఊరు చేరేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

అతను ఇంటి ముందు చూరు నీడలో ఉన్నాడు. చూపు మందగించింది. గొంతు వినే గుర్తుపట్టాడు.

"పంతులా! బిడ్డా, నీళ్లు తే. కూసో, కూసో. బావికాడి చెట్టు కాసిందా?"

"కాసింది."

"ఎవ్వలన్న కడుతున్నరా?"

"లేదు."

నీళ్లు తాగాను. కత్తిని అతని ముందు పెట్టాను. అప్పుడు మొత్తం చెప్పాను. మర్కూక్ సంగతి, ఎండిన తలలు, కింది చిగుళ్లు, అరటి నార. అతని చేతుల్లో నులక తిరగడం ఆగిపోయింది.

"ఎన్ని దినాలు పొయ్యలే నీళ్లు?"

"ఆరు."

"ఆరు దినాలు. గా ఎండలల్ల." నులక పక్కన పెట్టాడు. "కట్టు ఎవలు కట్టిన్రు?"

"నేనే. నీ ముడి చూసి కట్టిన."

"మంచిగనే కట్టినవ్. నా కండ్లు గూడ పట్టలే." నవ్వలేదు. బొటనవేలితో కత్తి పిడిని పైకీ కిందికీ రాస్తున్నాడు. "ఏలు సక్కగనే చెప్పింది నాకు. బుడిపె లేదని చెప్పింది. నేనే ఏలును నమ్మలే."

నేను అతని కాళ్లవైపు వంగబోయాను. చేత్తో ఆపాడు.

"నాకొక్కనికి చెప్తే ఏమొస్తది పంతులూ? నన్నన్నది నలుగుట్ల. మూడేండ్లాయె, మా ఊరోళ్లు నా చేతికి గింజ ఇస్తందుకు భయపడవట్టె. నేనే భయపెట్టిన. ఆళ్లకు చెప్పు."

బిడ్డను పిలిచి వాడకట్టు వాళ్లను రమ్మన్నాడు. ఎనిమిది మందో తొమ్మిది మందో వచ్చారు. నాగలి భుజాన ఉన్నవాడు అట్లాగే ఆగాడు. బిందె చంకన ఉన్న ఆడమనిషి దింపకుండానే నిలబడింది. సిద్దిపేట మున్షీకి ఇక్కడేం పని అన్నట్టు చూశారు. నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లూ అతన్ని మాలీ అని తప్ప ఇంకో వరసతో పిలవలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.

"అందరు వినున్రి" అన్నాను. "ఆ పద్దెనిమిది అంట్లు గీ కాక కట్టినప్పుడు మంచిగనే ఉండె. నేను నీళ్లు పొయ్యలే, పైది ఎండింది. ఎండినదాన్ని నేనే కోసిన, కింది చిగురు నేనే ఉంచిన, మీద కట్టు నేనే కట్టిన. అందరు కాకను చూసి నవ్విననాడు నేను గాన్నే కూసున్న, నోరు తెరువలే. గీయన చేతిల ఏ దోషం లేదు. ఈ యేడు మీ గింజ గీ చేతికే ఇయ్యున్రి."

అతని వైపు తిరిగాను.

"తప్పు నాది కాకా. ఎనిమిదేండ్ల ముందు చెప్పాల్సి ఉండె, ఆ శుక్రవారం నాడన్న చెప్పాల్సి ఉండె. చెప్పలే. నన్ను మాఫ్ చెయ్యి."